కెమెరా పంది అన్నది, కరెంటు నేనిచ్చాను

భద్రాచలం రోడ్డు మీద మా ఊళ్ళో ఎవరిని అడిగినా, నర్సరీలో పెట్టిన ఏఐ కెమెరాకు పిచ్చెక్కి ఒక ఆడమనిషి చెయ్యి తీసేసిందని చెబుతారు. అడవి అంచున ఉన్న గూడెంలో అడిగితే, నర్సరీ వాచ్‌మన్ ఓనరు మెప్పు కోసం సొంత వదిన మీదకే కరెంటు వదిలాడని చెబుతారు. రెండూ అబద్ధాలే. ఆ కెమెరా తెచ్చి బిగించినవాణ్ని నేను. దాని వెనక కరెంటు కలిపినవాణ్నీ నేనే. వాచ్‌మన్ చేసిందల్లా ఆ కరెంటును ఆపడం. అందుకు అతని వాళ్ళే అతని కాలు విరగ్గొట్టి గూడెం నుంచి వెళ్ళగొట్టారు. అతను మళ్ళీ తన ఇంటి గడప తొక్కాలంటే ఈ సంగతి నేను చెప్పాలి. చాలాకాలం చెప్పలేదు.

నాది కాలిపోయిన మోటార్లకు వైండింగ్ కట్టే షాపు. మా నాన్న పెనుబల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ మొదలుపెట్టాడు. మాడిన రాగితీగ వాసనలో పెరిగాను. ఆ పని ఏడాదంతా ఉండదు కాబట్టి కెమెరాలు, ఇన్వర్టర్లు, ఫోనుతో మోటారు ఆన్ చేసే స్టార్టర్లు కూడా అమ్మడం మొదలుపెట్టాను. నర్సరీ ఓనరు నా పాత గిరాకీ. వాళ్ళ నాన్న కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నాడు. జామాయిల్ మొక్కలు, మిరప నారు, టమాటా నారు పెంచి అమ్మే చిన్న వ్యాపారం ఆయనది. వేసవిలో అడవంతా ఎండిపోయినప్పుడు ఆ చుట్టుపక్కల తడి ఉండేది ఆ నారుమళ్ళలోనే. నీళ్ళ కోసం, వానపాముల కోసం అడవి పందులు దిగేవి. ఒక మంద వచ్చిపోయిందంటే మళ్ళు నాగలి పెట్టి దున్నినట్టు ఉండేవి. డ్రిప్పు పైపులు పేగుల్లాగా బయటపడి ఉండేవి.

పందుల్ని చంపడం మా దగ్గర ఎవరికీ వింత కాదు. ఉచ్చులు వేస్తారు, పిండిముద్దల్లో నాటుబాంబులు పెడతారు. ఒక ఉదయం నేను నర్సరీలో మోటారు బిగిస్తుండగా, ఎక్కడో అలాంటి బాంబు కొరికిన పంది ఒకటి లోపలికి వచ్చింది. దానికి కింది దవడ లేదు. నాలుక వేలాడుతోంది. కళ్ళు కనపడనట్టు షేడ్ నెట్‌లోకి దూసుకుపోయి, నెట్టంతా ఒంటికి చుట్టుకుని పొర్లింది. నోరు లేని జంతువు అరుపు ఎలా ఉంటుందో అప్పుడు విన్నాను. వాచ్‌మన్ గొడ్డలిని తిరగేసి మొద్దువైపుతో తల మీద కొట్టాడు. నెట్టు మీద దెబ్బ జారింది. మళ్ళీ కొట్టాడు. అది లేవబోయింది. మోకాలు దాని మెడ మీద పెట్టి, ఊపిరి తీసుకుంటూ, కట్టెలు కొట్టినట్టు కొట్టాడు. రక్తమూ పళ్ళ ముక్కలూ టమాటా నారు ట్రేల మీద చిమ్మాయి. ఓనరు పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని తిరిగొచ్చి, చిరిగిన నెట్టు చూసి, వాచ్‌మన్ తొడ మీద ఒక్క తన్ను తన్నాడు.

"పందిని సంపితేనేమో మాట లేదు, నెట్టు సిరిగితే తన్ను. మంచిగనే ఉన్నది సారూ నీ కత," అన్నాడు వాచ్‌మన్, తొడ రుద్దుకుంటూ.

"నోర్ముయ్. నిద్రపోకుండా ఉంటే అది లోపలికొచ్చేదా?"

"నేను నిద్రపోలే. కండ్లు మూసుకుని కాపలా కాస్తున్న."

అతను మంచివాడని నేను చెప్పలేను. గూడెం మనిషి, నా ఈడువాడు. తాగేవాడు, పడుకునేవాడు, ఓనరు లేనప్పుడు నారు కట్టలు చాటుగా అమ్ముకునేవాడు. నోరు తెరిస్తే బూతు. నన్ను 'మేస్త్రీ' అని పిలిచి, ఆ మాటకు ముందొక తిట్టు తగిలించేవాడు. అయితే ఇక్కడ అతని గుణం సంగతి కాదు నేను చెప్పేది. అతను చెయ్యని పని అతని మీద పడింది, అది చెబుతున్నాను.

ఆ రోజు ఓనరు నా స్కూటరు దాకా వచ్చి, "ఈ నరుకుడు ఇక నావల్ల కాదయ్యా. మనిషి చెయ్యి పడకుండా అయ్యే పని ఏదైనా చూడు. ఇప్పుడన్నిటికీ మిషన్లు వస్తున్నాయంటున్నారుగా," అన్నాడు.

అదే ఏడు, ఖమ్మంలో ఒక హోటల్ హాల్లో చిన్న వ్యాపారులకు ఏఐ మీద మీటింగ్ పెట్టారు. నేనూ వెళ్ళాను. బట్టల షాపులవాళ్ళు, మిల్లులవాళ్ళు, కోళ్ళఫారాలవాళ్ళు, అందరం భోజనం చేసి ఏసీలో కూర్చున్నాం. హైదరాబాదు నుంచి వచ్చిన సేల్స్ కుర్రవాడు మైకు పట్టుకుని, ఏఐ లేని షాపు ఇంకొన్నాళ్ళకు మూతపడుతుందని చెప్పాడు. భయమేసింది. ఆ భయంలోనే కెమెరా పెట్టె కొన్నాను. దాని పని చాలా చిన్నది. పందిలాంటిది కనపడితే సైరన్ మోగిస్తుంది, లైటు వేస్తుంది, కుక్క మొరుగుడు వినిపిస్తుంది, ఫోనుకు ఫొటో పంపుతుంది. "ఇది బెదిరించడానికే సార్," అని ఆ కుర్రవాడు రెండుసార్లు చెప్పాడు. అతని తప్పేమీ లేదు.

జనవరిలో నర్సరీలో బిగించి పరీక్ష చేశాం. ఓనరు కెమెరా ముందు నడిచాడు. ఫోనులో ఆయన చుట్టూ పచ్చ గీతల చట్రం వచ్చి 'మనిషి' అని పడింది. లేగదూడను తోలితే 'ఆవు' అంది. వాచ్‌మన్ నడిస్తే 'మనిషి' అంది.

"మేస్త్రీ, ఆగు. నేను తాగి పడిపోతే ఏమంటది?" అని అతను నేల మీద బోర్లా పడి పాకాడు.

"నిన్ను పంది అనే అంటది. అది అబద్ధం చెప్పదు," అన్నాను. ఓనరు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ ఫోను జేబులో పెట్టేశాను. అది ఏమన్నదో చూడలేదు.

ఆ రోజు నుంచి రాత్రి కాపలా వద్దని ఓనరు వాచ్‌మన్‌తో చెప్పాడు. పొద్దున వచ్చి నీళ్ళు వదిలితే చాలన్నాడు. సగం జీతం పోయింది. మా రోడ్డు మీద ప్రతి షాపువాడూ ఏఐ అంటే ముందు ఆలోచించేది ఈ లెక్కే. మనిషిని ఎక్కడ తీసెయ్యొచ్చు అని. ఆ మనిషి కూర్చున్నచోట ఇంకేమేం పనులు జరుగుతున్నాయో ఎవరూ చూడరు. వాచ్‌మన్ నిద్రపోయినా, నిద్రలోనే ఏ దగ్గు ఎవరిదో తెలిసిన మనిషి. చెట్ల కింద కదిలేది తన గూడెంవాళ్ళా, జంతువా అని లేచి చూడకుండానే అతనికి తెలుసు. ఆ పని అతని జీతంలో రాసి లేదు కాబట్టి అది ఉన్నట్టు మాకు తెలియలేదు.

కొన్ని వారాలకే పందులు సైరన్‌కు అలవాటుపడ్డాయి. లైటు వెలుతురులోనే తాపీగా తవ్వుకున్నాయి. ఓనరు షాపుకొచ్చి నా బల్ల మీద ఫోను విసిరాడు. "మొరిగే కుక్కని అమ్మావు నాకు. కరిచేది కావాలి."

"కంచెకు కరెంటియ్యడం నేరం సార్."

"అందరూ ఇస్తున్నారు. పైగా వాళ్ళది గుడ్డి కరెంటు, మనిషొచ్చినా పట్టుకుంటుంది. నీ మిషన్‌కి మనిషెవరో పందేదో తెలుసన్నావుగా. పందొస్తేనే ఇవ్వమను."

ఆ మాట నాకు న్యాయంగా తోచింది. అందరికంటే మంచి పని చేస్తున్నాననిపించింది కూడా. సైరన్‌కు వెళ్ళే తీగను కంచె మీదకు మళ్ళించాను. అంతకుముందు అది కొన్ని పందుల్ని వదిలేస్తోందని ఓనరు గొణిగితే, అనుమానంగా ఉన్నా పంది అనే చెప్పేలా సెట్టింగు పెంచింది కూడా నేనే. పెట్టెకు తాళం వేసి తాళంచెవి నా షాపులో పెట్టుకున్నాను. మనుషులు చెయ్యి పెట్టకపోతేనే మిషన్ సరిగ్గా పనిచేస్తుందని ఓనరుకు చెప్పాను. వాడేకొద్దీ అదే నేర్చుకుంటుందనీ చెప్పాను.

అది ఏమీ నేర్చుకోలేదు. కొన్న రోజున దానికెంత తెలుసో చివరి రోజునా అంతే. ఎక్కడో ఎవరో దానికి పంది బొమ్మలు కొన్ని, మనిషి బొమ్మలు కొన్ని చూపించి ఉంటారు. ఆ బొమ్మల్లో మనుషులు నిలబడి ఉంటారు, నడుస్తూ ఉంటారు. మేము పరీక్షించినప్పుడూ నిలబడే పరీక్షించాం. దానికి పంది అంటే ఏమిటో తెలియదు, మనిషి అంటే అసలే తెలియదు. కనపడిన ఆకారానికి దగ్గరున్న పేరు పెడుతుంది. ఆ పేరు కింద ప్రాణం తీసే కరెంటు పెట్టడం దాని ఆలోచన కాదు.

మార్చి వచ్చింది. మా వైపు పుట్టినవాడికెవడికైనా మార్చి అంటే ఇప్పపువ్వు. తెల్లవారక ముందు నుంచి పువ్వు రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి, కాల్చి, నేల నున్నగా చేసుకుంటారు. వెలుగు రాగానే మోకాళ్ళ మీద వంగి, ఒక చేత్తో నేల పట్టుకుని, రెండో చేత్తో పువ్వు ఏరుతూ మెల్లగా జరుగుతారు. గంటల తరబడి ఎవరూ నడుం ఎత్తరు. అడవిలో ఏ చెట్టు ఏ ఇంటిదో గూడెంలో అందరికీ తెలుసు. నర్సరీ చివర ఉన్న ఇప్పచెట్టు భూమి లెక్కన ఓనరుది, పువ్వు లెక్కన వాచ్‌మన్ వాళ్ళ అన్న ఇంటిది. ఆ హక్కును ఓనరు వాళ్ళ నాన్న కూడా ఏనాడూ కాదనలేదు. మేము కంచె తీగ ఆ చెట్టు నీడలోంచే లాగాం. లాగినప్పుడు ఫిబ్రవరి మొదలు. చెట్టు మీద పువ్వు లేదు, కింద మనిషి లేదు. నా చిన్నప్పుడు ఆ చెట్ల కిందే నేనూ పాకాను. అయినా గుర్తు రాలేదు.

ఆ ఉదయం నేను మా వీధి చివర భాయ్ హోటల్లో చాయ్ తాగుతున్నాను. ఫోను మోగింది. 'పంది' అని వచ్చింది. ఫొటో తెరవలేదు. పక్కన కూర్చున్నవాళ్ళకు ఫోను ఎత్తి చూపించి, "ఇంకోటి పడ్డది. మిషన్ అంటే ఇదీ," అన్నాను.

"మాకు కూర పంపియ్యవా?" అని ఎవరో అన్నారు.

"భాయ్ హోటల్ల కూర్చొని పందికూర అడుగుతున్నవ్, ఎల్లగొడతడు," అన్నాను. భాయ్ కూడా నవ్వాడు. చాయ్ అయిపోయేదాకా అక్కడే ఉన్నాను. ఫోను మళ్ళీ మళ్ళీ మోగింది. అదే పేరు. ఒక పంది అంతసేపు అక్కడే ఎందుకుందని అప్పుడు తెరిచాను.

బూడిద రంగు వెలుతురు. ఎర్ర గీతల చట్రం. చట్రంలో చీర కట్టుకున్న ఒక మనిషి, మోకాళ్ళ మీద. కుడిచెయ్యి తీగ మీద బిగిసి ఉంది. పక్కన బుట్ట బోర్లా పడి ఉంది. ఆ చట్రానికి పైన 'పంది' అని రాసి ఉంది.

నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తర్వాత తెలిసింది ఇక్కడే చెబుతాను. నీళ్ళు వదలడానికి వచ్చిన వాచ్‌మన్, తీగ మీద ఉన్నది తన వదినే అని చూశాడు. పట్టుకుంటే తనూ అంటుకుంటాడని తెలిసి పెట్టె దగ్గరకు పరుగెత్తాడు. తాళం ఉంది. గడ్డపారతో మూత పగలగొట్టాడు. లోపల చేతులు పెట్టి స్విచ్చు కిందికి లాగేసరికి అతని అరచేతులు రెండూ కాలాయి. ఆమె తీగ మీంచి జారి పడిపోయింది. సరిగ్గా అప్పుడే పక్క చెట్ల కింద నుంచి పరుగెత్తుకొచ్చిన గూడెంవాళ్ళకు కనపడింది ఏమిటంటే, నేల మీద పొగలు వస్తున్న చేత్తో ఆమె, స్విచ్చు మీద చేత్తో అతను.

మొదట కొట్టింది ఆమె కొడుకు. పెళ్ళయిన మనిషి, బలమైనవాడు. చిన్నాన్న అని చూడలేదు. అదే గడ్డపార లాక్కుని మోకాలి కింద కొట్టాడు. బొక్క చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. కిందపడ్డవాణ్ని మిగతావాళ్ళు కాళ్ళతో తొక్కారు. "నేను ఆపిన్రా, నేనే ఆపిన," అని అతను అరుస్తూనే ఉన్నాడట. నేను చేరేసరికి ఆ అరుపు కూడా లేదు. షేడ్ నెట్లు మంటల్లో ఉన్నాయి. ట్రేలన్నీ తొక్కి పచ్చడి చేశారు. ఓనరు కారు అద్దాలు పగిలి, ఆయన మొహం నిండా రక్తంతో పంపుసెట్టు గదిలో తలుపేసుకుని ఉన్నాడు. నన్ను చూసి ఎవరో రాయి విసిరారు. అది నుదుటికి తగిలి కింద పడ్డాను. పడినచోటే పెట్టె ఉంది. మూత వంగిపోయి తెరిచి ఉంది. నేను కలిపిన తీగ కనపడుతోంది.

ఆ తీగ ఊడబీకి జేబులో పెట్టుకున్నాను. అందరూ మంటల వైపు చూస్తున్నారు. నన్ను ఎవరూ చూడలేదు.

పోలీసులు వచ్చి గూడెంవాళ్ళను లాఠీలతో కొట్టారు. పరుగెత్తలేని ముసలివాళ్ళకు ఎక్కువ దెబ్బలు తగిలాయి. ఆమెను ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయారు. కుడిచెయ్యి మోచేతి కింద నుంచి తీసేశారు. వాచ్‌మన్ కూడా అదే దవాఖానాలో, పోలీసు కాపలా మధ్య పడుకున్నాడు. పోలీసులు అడిగితే, సైరన్ వరకే నేను పెట్టానని చెప్పాను. వాచ్‌మన్ ఏదో కలిపి ఉంటాడని ఓనరు చెప్పాడు. పెట్టె మూత పగిలి ఉండడం అతను కెలికాడనడానికి సాక్ష్యమైంది. కరెంటు ఇవ్వాలనుకున్నవాడు తాళం ఎందుకు పగలగొడతాడని ఎవరూ అడగలేదు. ఆ పెట్టె దానంతటదే ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందని, ఆపడానికే తాళం పగలగొట్టాల్సి వస్తుందని తెలిసింది నాకూ ఓనరుకూ మాత్రమే.

బజారులో మాత్రం మిషన్ కథ నడిచింది. ఏఐ తిరగబడిందని, అది తనంతట తాను కరెంటు వదలడం నేర్చుకుందని చెప్పుకున్నారు. నేను కాదనలేదు. ఇంతకుముందు దానికి అన్నీ తెలుసనుకున్నాం. ఇప్పుడు దానికి పగ కూడా ఉందనుకున్నారు. రెండిట్లోనూ మాకు సుఖమే ఉంది. మొదటిదాంట్లో మేము చూడక్కర్లేదు. రెండోదాంట్లో మేము జవాబు చెప్పక్కర్లేదు.

వాచ్‌మన్ బెయిలు మీద వచ్చి కర్ర మీద గూడెంలోకి నడిస్తే, రాళ్ళతో తరిమారట. మణుగూరులో బొగ్గులారీలు కడిగే షెడ్డులో ఉంటున్నాడని విన్నాను. వినడం వరకే.

నన్ను కదిలించింది నా మంచితనం కాదు. ఒక రోజు కోళ్ళఫారం ఆయన షాపుకొచ్చాడు. ఫారంలోకి కుక్కలు, దొంగలు వస్తున్నారన్నాడు.

"నర్సరీల పెట్టినవు గదా, గా కెమెరానే కావాలె నాకు," అన్నాడు.

"దాంతో ఏమైందో తెలుసు గదా."

"తెల్సే అడుగుతున్న. మనిషినే పట్టుకున్నది, కుక్కను పట్టదా?" అని కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. "ఇంకోటేందంటే, ఏమన్న అయినా మిషన్ మీదకి పోతది. మన మీదకి రాదు. నీకు రాలే గదా."

చేతిలో ఉన్న వైండింగ్ సుత్తితో అతని నోటి మీద కొట్టాను. అతని పెదవి చిట్లి, ముందుపన్ను ఊడి బల్ల మీద పడింది. అతను నా గొంతు పట్టుకున్నాడు. ఇద్దరం మోటార్ల మధ్య పడి దొర్లాం. పక్క షాపులవాళ్ళు వచ్చి విడదీశారు. నేను కొట్టింది అతని మాటకు కాదు. ఆ మాట నాదే. నేను ఏడాదిగా నోటితో అనకుండా బతుకుతున్న మాటను అతను కుర్చీలో కూర్చుని పైకి అన్నాడు.

మర్నాడు గూడేనికి వెళ్ళాను. పెద్దమనిషి ఇంటి ముందు చింతపండు గింజలు తీస్తున్నారు. ఆమె కూడా అక్కడే ఉంది. ఎడమచేత్తో పండు పట్టుకుని, కుడి మోచేతి మొండితో అదిమి, గింజ జారేలా నొక్కుతోంది.

"ఏంది మేస్త్రీ, తొవ్వ తప్పినవా? కాలిపోనీకి మా దగ్గర మోటర్లు లేవు," అన్నాడు పెద్దమనిషి.

నిలబడే చెప్పాను. కరెంటు కలిపింది నేనని, తాళం వేసింది నేనని, వాచ్‌మన్ ఆపడానికే పగలగొట్టాడని, ఆ తీగ నేనే ఊడబీకి తీసుకుపోయానని. చెబుతుంటే కొందరు తమ భాషలో మిగతావాళ్ళకు చెబుతున్నారు. చివరి మాట అర్థమయ్యాక ఆమె కొడుకు లేచాడు. గొడ్డలి కర్రతో భుజం మీద కొట్టాడు. లోపల ఏదో టప్పున విరిగింది. రెండోది వీపు మీద. మూడోదానికి కర్ర ఎత్తితే ఆమె అంది:

"సాలు. ఇంకోటి ఏస్తే ఈడు సస్తడు. టేషన్ల ఎవలు చెప్పాలె, నువ్వా?"

అతను కర్ర దించాడు. నేను మట్టిలో కూర్చుని ఉన్నాను. ఆమె నా ఎదురుగా వచ్చి గొంతుక్కూర్చుంది.

"నీ ఫోన్ల నా బొమ్మ కింద పంది అని వచ్చిందంట, నిజమేనా?"

"అవ్."

"నువ్వు సూస్తే ఎట్ల కనబడ్డ?"

"మనిషివే. చూసినంక మనిషివే."

"ఎప్పుడు సూసినవ్?"

"చాయ్ తాగినంక."

ఆమె లేచిపోయి మళ్ళీ చింతపండు దగ్గర కూర్చుంది. నన్ను కొట్టిన కొడుకు మాత్రం అక్కడే నిలబడి ఉన్నాడు. అతని మొహం చూడలేకపోయాను. అతను విరగ్గొట్టింది తన తల్లిని బతికించిన మనిషి కాలు. ఆ సంగతి ఇప్పుడే తెలిసింది అతనికి.

స్టేషన్‌కు నన్ను తీసుకుపోయింది కూడా అతనే, తన బండి మీద. భుజం కదిలినప్పుడల్లా నేను అరుస్తుంటే, "అరువకు, నాకు తొవ్వ కనబడ్తలేదు," అన్నాడు. అతని కళ్ళు తుడుచుకోవడానికి బండి రెండుచోట్ల ఆగింది. స్టేషన్‌లో అంతా చెప్పాను, రాసుకున్నారు, దాచిన తీగ ఇచ్చాను. ఇప్పుడు కేసులో నేనూ ఓనరూ ఉన్నాం. కోర్టులోనూ ఇదే చెబుతాను. ఓనరు నాతో మాట్లాడడు. మిషన్ తప్పని అందరూ ఒప్పుకున్నాక నాకేం పోయేకాలమని బజారులో అంటున్నారు.

ఇప్పటికీ నేను కెమెరాలు అమ్ముతున్నాను. అవి చెడ్డవని నేను చెప్పను. దొంగ ఎటు పోయాడో చూపిస్తాయి, ట్యాంకు నిండితే చెబుతాయి. అయితే ఎవరైనా వచ్చి మనిషి అక్కర్లేకుండా నడిచేది కావాలంటే, అలాంటిది నా దగ్గర లేదంటాను. అది చెప్పింది ఎవరు చూస్తారో, తప్పు చెబితే ఎవరు ఆపుతారో, ఆపేవాడి చేతికి స్విచ్చు అందుతుందో లేదో అడుగుతాను. గిరాకీ తగ్గింది.

భుజానికి కట్టు ఉండగానే, ఆమె కొడుకూ నేనూ ఆటో మాట్లాడుకుని మణుగూరు వెళ్ళాం. వాచ్‌మన్ షెడ్డులో ఒక లారీ చక్రం పక్కన కూర్చుని, పైపుతో బొగ్గు బురద కడుగుతున్నాడు. కాలు వంకరగా అతుక్కుంది. మమ్మల్ని చూసి పైపు ఆపలేదు.

"ఏంది, ఇంకో కాలు మిగిలిందని వచ్చిండ్రా?"

"చిన్నాయనా, ఇంటికి పోదాం," అన్నాడు కొడుకు.

"రమ్మన్నది నువ్వా, మీ అమ్మనా?"

"అమ్మ. పెద్దమనిషి గిట్ల అందరు."

అతను నా కట్టు వైపు చూశాడు. "గిదెవలు?"

నేను పక్కనున్నవాణ్ని చూపించాను.

"ఈనికి బొక్కలిరగ్గొట్టుడే పనైంది," అని కర్ర మీద లేచి నా దగ్గరకు వచ్చాడు. కాలిన మచ్చలున్న అరచేత్తో నా చెంప మీద కొట్టాడు. రెండో చెంప మీదా కొట్టాడు. నోట్లో రక్తం రుచి తెలిసింది. లారీ డ్రైవర్లు చూస్తూ నిలబడ్డారు, ఎవరూ అడ్డం రాలేదు. నేను చేతులు ఎత్తలేదు. అతను ఒక తిట్టు తిట్టి, పైపు కట్టేసి, షెడ్డు మూల నుంచి తన సంచి తెచ్చుకున్నాడు.

"ఆటో కిరాయి ఎవలిస్తున్రు?"

"నేనే."

"అయితే పోదాం పా."

గూడెం మొదట్లో ఆటో ఆగితే అతను దిగలేదు. కర్రను రెండు చేతులతో పట్టుకుని, కిందికి చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళింట్లోంచి ఆమె వచ్చింది. వాళ్ళ భాషలో ఏదో అంది, నాకు అర్థం కాలేదు. అతనూ ఏదో అన్నాడు. ఆమె ఎడమచెయ్యి అతని రెక్క కిందకు పోనిచ్చి లేపింది. కొడుకు సంచి పట్టుకున్నాడు. కుంటుతూ లోపలికి నడిచారు. తలుపు దగ్గర అతను ఒకసారి తూలితే, ఆమె తన మొండి చేతిని అతని వీపుకు ఆనించి నిలబెట్టింది.

నన్ను ఎవరూ దిగమనలేదు. ఆటో తిప్పమన్నాను.